బిల్లు మీద యజమాని పేరు

ఉదయం ఏడు గంటల పద్దెనిమిది నిమిషాలకి మా ఆవిడ ఫోను ఒక్కసారి మోగి ఊరుకుంది. కాల్ కాదు. మా యాప్‌ని ఎవరైనా కొన్నప్పుడు స్టోరు పంపే చిన్న చప్పుడు అది. ఆమె పోయాక పెట్టుకున్న ఆదరణ కూటం ఆ రోజే. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. పాస్టరుగారు పదింటికి వస్తానన్నారు. నేను ఫోను తీసి చూశాను. ఎవరో ఒక రైతు ఏడాది చందా ఐదువందల తొంభై రూపాయలు కట్టి, ఇన్‌వాయిస్ కావాలన్న గడిలో టిక్కు పెట్టాడు. కుర్చీలు వెయ్యడం పూర్తయ్యేలోపు నేను లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఇన్‌వాయిస్ తయారుచేసి పంపేశాను. యజమాని అన్నచోట ఆమె పేరు ఉంది. అది మార్చాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఆమె తాడేపల్లిగూడెం కాలేజీలో కంప్యూటర్ లెక్చరరుగా చేసింది. నేను ఏలూరులో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇరవై రెండేళ్లు ఆమె రోజూ పాసింజరు రైల్లో వెళ్లొచ్చింది. ఆ యాప్ సగం ఆ రైల్లోనే రాసింది. భీమడోలు దాటాక సీటు దొరికేది. అక్కడి నుంచి ఒడిలో పుస్తకం పెట్టుకుని కాగితం మీద రాసుకునేది, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లోకి ఎక్కించేది. ఎందుకు ఇంత కష్టం అని నేను ఎప్పుడూ అడగలేదు. ఎప్పుడైనా నేనూ అదే రైలెక్కితే పుస్తకం చదువుకునేవాణ్ణి. ఆ రెండింటికీ పెద్ద తేడా లేదనిపించేది.

యాప్ చేపల చెరువుల కోసం. ఆమె పుట్టింది కొల్లేరు లంక గ్రామంలో. వాళ్ల నాన్న చెరువు లీజుకి తీసుకుని చేపలు పెంచేవారు. ఏ రోజు మేత ఎన్ని బస్తాలు వేశారు, నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడు తగ్గింది, ఏ రోజు వల లాగారు, చేప సగటు బరువు ఎంత అన్నవన్నీ ఆయన గోడ మీద బొగ్గుతో రాసేవారట. సున్నం వేసిన ఏడాది లెక్కలన్నీ పోయేవి. ఆ గోడ చెయ్యాల్సిన పనే ఫోనులో చేసేది మా యాప్. ఇంతకంటే గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. కొన్ని వందల మంది వాడతారు.

మొదట్లో బిల్లులు ఏమీ లేవు. స్టోరు వాళ్లు నెలకొకసారి బ్యాంకులో డబ్బు వేసేవారు, ఆమె ఆ అంకెని ఒక నోటుపుస్తకంలో రాసేది. తరవాత మేత డీలర్లు తమ ఖాతా రైతుల కోసం ఒకేసారి పది, ఇరవై చందాలు కొనడం మొదలుపెట్టి, జీఎస్టీ బిల్లు కావాలన్నారు. ఆమె జీఎస్టీ నంబరు తీసుకుంది. అప్పుడు మేము ఏలూరు పవర్‌పేటలో ఒక ఆడిటరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన మెత్తగా మాట్లాడతారు. చెడ్డవార్త అయితే ఇంకా మెత్తగా.

మూడేళ్ల నోటుపుస్తకం తిరగేసి ఆయన కళ్లజోడు తీశారు.

"అమ్మా, ఇందులో అమ్మకం ఎక్కడుందండి?"

"అదేనండి, ప్రతి నెలా రాశాను కదండి."

"ఇది అమ్మకం కాదండి. మిగిలింది. స్టోరు వాళ్లు కమీషన్ పట్టుకోగా మీ చేతికొచ్చింది. అమ్మింది వేరు, చేతికొచ్చింది వేరు."

"మా ఇంట్లో చేతికొచ్చిందాన్నే అమ్మకం అనేవాళ్లండి."

"మీ ఇంట్లో ఏం అమ్మేవారండి?"

"చేపలండి."

ఆడిటరుగారు నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగారు. నాకు అప్పటికి అర్థం కాలేదు, దారిలో ఆమె చెప్పింది. కొల్లేరులో చేపలు పట్టి ఏజెంటుకి తోలితే ఆయన ఒక పట్టీ పంపుతాడు. పట్టీ అంటే కాగితం ముక్క. పైన మొత్తం బరువు, ధర. కింద కమీషన్, ఐసు, కూలీ, ప్యాకింగు ఒక్కొక్కటీ కోసుకుంటూ వస్తే అట్టడుగున ఒక అంకె. రైతు చూసేది ఆ అట్టడుగు అంకెనే. ఎంతకి అమ్మావు అంటే అదే చెబుతాడు. పైనున్నది ఏజెంటు సొంత అంకె అన్నట్టు ఉంటుంది వాళ్ల వాడుక. ఆమె ఎనిమిదో తరగతి నుంచి వాళ్ల నాన్న పట్టీలు కూడి తప్పులు పట్టేది. ఎమ్మెస్సీ చదివి, పిల్లలకి ఇరవయ్యేళ్లు ప్రోగ్రామింగ్ చెప్పి, తన సొంత యాప్ దగ్గరికి వచ్చేసరికి కూడా అట్టడుగు అంకెనే అమ్మకం అని రాసుకుంది.

"మీ నాన్నగారికి ఇది చెల్లిందండి," అన్నారు ఆడిటరుగారు గ్లాసు దించి. "పచ్చి చేపకి జీఎస్టీ లేదు. యాప్‌కి ఉంది. రైతు కట్టింది ఐదువందల తొంభై. అందులో తొంభై ప్రభుత్వానిది, మిగతా ఐదువందలూ మీ అమ్మకం. స్టోరు పట్టుకున్నది మీ ఖర్చు. మొత్తం పైన రాయాలి, ఖర్చు వేరే రాయాలి. ఇంతేనండి."

"ఇంతేనా అండి?"

"ఇంతే. మూడేళ్లది మళ్లీ రాయాలి, అంతే."

ఆ వేసవి సెలవులన్నీ ఆమె మూడేళ్లది మళ్లీ రాసింది. నేను చదివి వినిపించేవాణ్ణి, ఆమె టైపు చేసేది. అంతకుముందు ఎన్నో పుస్తకాలు మేము కలిసి చదవాలనుకున్నాం. కలిసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది ఆ లెక్కల పుస్తకం ఒక్కటే. అది బాగానే గడిచింది. మధ్యలో మామిడిపళ్లు తినేవాళ్లం.

తప్పు దిద్దుకుంది కానీ పట్టీని మాత్రం వదల్లేదు. కొత్తగా తయారుచేసిన ఇన్‌వాయిస్‌లో మొత్తం, పన్ను అన్నీ పద్ధతిగా వేసి, కింద చిన్న అక్షరాలతో ఇంకో మూడు వరసలు పెట్టింది. స్టోరు కమీషన్ డెబ్భై ఐదు. దాని మీద పన్ను పదమూడున్నర. మాకు మిగిలేది ఇంత.

"కొనేవాళ్లకి ఇది దేనికమ్మా?" అన్నారు ఆడిటరుగారు. "ఎక్కడా వెయ్యరండి."

"ఏజెంటు ఎంత కోశాడో మా నాన్నకి తెలిసేదండి. నా దగ్గర కొన్నవాడికి తను ఇచ్చిన డబ్బు ఎక్కడెక్కడికి పోయిందో తెలియొద్దా?"

"చట్టానికి అక్కర్లేదు."

"తప్పు కూడా కాదు కదండి?"

తప్పయితే కాదన్నారు ఆయన.

ఆ మూడు వరసల వల్ల మాకు వచ్చిన ఫోన్లు అన్నీ ఇన్నీ కావు. కొల్లేరు రైతులు పుట్టినప్పటి నుంచి కమీషన్ ఇచ్చేవాళ్లే. ఇంకొకళ్లు ఇస్తుంటే చూడటం వాళ్లకి కొత్త. మొదట సంతోషించారు, తరవాత జాలిపడ్డారు. ఆకివీడు వైపు నుంచి ఒక పెద్దాయన ఒకసారి పనిగట్టుకుని ఇంటికి వచ్చారు. తెల్లటి పంచె, చేతిలో సంచి.

"ఏవండీ మేడంగారూ, మీకూ దళారీ తప్పలేదన్నమాట."

"తప్పలేదండి. కూర్చోండి."

"ఒక్క చందాకి ఎనభై ఎనిమిదిన్నరా? ఐసు పెట్టాడా, లారీ ఎక్కించాడా? ఏం చేశాడండీ ఆయన?"

"చూపించాడండి. ఆయన చూపించబట్టే కదా మీకు కనబడింది."

"నాకు మా తోడల్లుడు చూపించాడు. వాడికివ్వండి కమీషన్." ఆయన సంచిలోంచి ఐదువందల తొంభై తీసి బల్ల మీద పెట్టారు. "ఈ ఏడు నా చేత్తో నేనిస్తాను. మధ్యలో ఆయనెందుకు?"

ఆమె డబ్బు వెనక్కి నెట్టింది. "అలా తీసుకోకూడదని వాళ్లకి రాసిచ్చానండి. మాట తప్పితే యాప్ తీసేస్తారు."

"ఎవరికి తెలుస్తుందండీ?"

"బిల్లు కావాలంటారు కదా మీరు. బిల్లు వేస్తే అందరికీ తెలుస్తుంది. వెయ్యకపోతే మీరు ఊరుకోరు."

ఆయన నా వైపు తిరిగి, "మాస్టారూ, మీరైనా చెప్పండి," అన్నారు. ఆ వైపు వాళ్లకి పుస్తకాలున్న ఇంట్లో ఉండేవాళ్లంతా మాస్టార్లే. నేను కాఫీ తెస్తానని లేచాను. వెళ్లేటప్పుడు ఆయన సంచిలోంచి కొరమేను ఒకటి తీసి వంటింటి గట్టు మీద పెట్టి, "దీనికి కూడా బిల్లు వేస్తారేమో, నేను పోయాక వేసుకోండి," అన్నారు. చందా మాత్రం ఆ సాయంత్రం స్టోరులోనే కట్టారు.

ఇవన్నీ ఆమె బాగున్న రోజులు. జబ్బు గురించి ఎక్కువ రాయను. ఎనిమిది నెలలు పట్టింది. చివరి రెండు నెలలు ఇన్‌వాయిస్‌లు నేనే వేసేవాణ్ణి. ఆమె మంచం మీది నుంచి అంకెలు చూసి తప్పులు చెప్పేది. యాప్ లోపలి పని ఆమెతో కాలేజీలో పనిచేసిన ఒక లెక్చరరుగారు రెండో శనివారాల్లో వచ్చి చూసేవారు. ఇప్పటికీ ఆయనే చూస్తున్నారు.

ఆదరణ కూటం అయ్యాక కూడా నేను అలాగే వేస్తూ పోయాను. పొద్దున్న కాఫీ తాగి, రాత్రి వచ్చిన అమ్మకాలకి బిల్లులు పంపడం. అదొక్కటే నాకు నిన్నా ఇవాళా ఒకే మాదిరిగా ఉన్న పని. దుఃఖం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. కొన్ని మంచివి. వాటిలో ఎక్కడా ఫారాల సంగతి లేదు. చనిపోయిన మనిషి పేరున ఉన్న జీఎస్టీ నంబరు రద్దు చేయించాలని, వారసుడు కొత్త నంబరు తీసుకోవాలని నాకు తెలియకపోలేదు. ఆడిటరుగారు కూటానికి వచ్చినప్పుడే, వెళ్తూ వెళ్తూ, "తొందరేం లేదండి, కానీ మర్చిపోకండి," అన్నారు. నేను మొదటి సగమే విన్నాను. ఐదు నెలలు అలా గడిచాయి.

ఐదో నెలలో స్టోరు నుంచి నోటీసు వచ్చింది. ఖాతాదారు గుర్తింపు మళ్లీ చూపించాలి, పన్ను వివరాలు, బ్యాంకు వివరాలు నిర్ధారించాలి, నెలాఖరు గడువు. లేకపోతే ఖాతా మూసేస్తారు, యాప్ స్టోరులోంచి పోతుంది. అందరికీ పంపే నోటీసే. ఖాతాదారు ఆమె. ఆమె ఫొటో కావాలన్నారు, ఆ రోజు తీసింది.

యాప్ పోతే ఏమవుతుందని లెక్చరరుగారిని అడిగాను. ఆయన సూటిగా చెప్పారు. చందా గడువు దాటితే చెరువు లెక్క తెరుచుకోకుండా ఆమే రాసింది. స్టోరులో యాప్ లేకపోతే ఎవరూ చందా కట్టలేరు. ఎవరి గడువు వచ్చినప్పుడు వాళ్ల లెక్క మూసుకుపోతుంది. దాన్ని విప్పాలంటే కొత్త వెర్షన్ పెట్టాలి, ఖాతా మూసేశాక కొత్త వెర్షన్ పెట్టే దారి ఉండదు.

నేను యాప్‌లో ఒక నోటీసు పెట్టించాను. కొన్ని ఇబ్బందులున్నాయి, మీ లెక్కలు కాగితం మీద దించుకోండి అని. మర్నాడు మధ్యాహ్నం ఒకావిడ ఫోను చేసింది. కైకలూరు దగ్గర లంకలో రెండు చెరువులు లీజుకి చేస్తుంది. మా ఆవిడతో చాలాసార్లు మాట్లాడింది, నాతో అదే మొదటిసారి.

"అన్నయ్యగారూ, మా చెరువు పోద్దా అండి?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. కొల్లేరులో చెరువు పోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ప్రభుత్వం వచ్చి చెరువుల గట్లు తెగ్గొట్టిన రోజులు చూసినవాళ్లు వాళ్లు. ఫోనులోది పోతుందేమోనని అడగడానికి ఆవిడ వేరే మాట వాడలేదు.

"ఫోనులోదేనమ్మా. మీ చెరువుకి ఏం కాదు."

"అదేనండి నేననేది. వచ్చే నెల తొమ్మిదికి గడువు నాది. బ్యాంకోళ్లు మూడు పంటల లెక్క చూపిస్తే అప్పు తిరగరాస్తామన్నారండి. ఎప్పుడు చూపించమంటే అప్పుడు చూపించాలంట. గోడ మీద రాసిందేమో ఎవరూ ఒప్పుకోరు గదండి."

"కాగితం మీద దించుకోండి."

"దించానండి. మేడంగారి స్టాంపు లేదు, ఇది నువ్వే రాసుకున్నావేమో అన్నాడండి మేనేజరు. వచ్చే నెల అప్పు రాసే రోజున ఫోనులో తెరిచి చూపించమన్నాడు." ఆ ఊపులోనే, "మేడంగారు ఉంటే ఇలా జరగనిచ్చేవారు కాదండి," అంది. అనేశాక నొచ్చుకుని, "మిమ్మల్ని అన్నాననుకోకండి అన్నయ్యగారూ," అంది.

అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను చెయ్యాల్సింది చెయ్యకపోవడం వల్లనే ఆ నోటీసు దాకా వచ్చింది. ఆమె పేరు ఒక గడిలో ఉండటం కోసం ఆమె కట్టినదాన్ని పోగొడుతున్నానని అప్పటికి తెలిసింది.

ఆ సాయంత్రమే పవర్‌పేట వెళ్లాను. ఐదు నెలల ఇన్‌వాయిస్‌లు చూసి ఆడిటరుగారు చాలా మెత్తగా అన్నారు. "మాస్టారూ, చనిపోయినవాళ్లు వ్యాపారం చెయ్యకూడదండి."

"తెలుసండి."

"తెలిసే వేశారా?"

"తెలిసే వేశానండి."

ఆయన కాగితం తీసుకుని వరసగా రాశారు. మరణ ధ్రువపత్రం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. ఆమె నంబరు రద్దుకి దరఖాస్తు. నా పేరున కొత్త నంబరు. ఆమె ఖాతాలో మిగిలిన పన్ను జమ నా ఖాతాకి మార్పు. ఈ ఐదు నెలలదీ నా కిందికి తెచ్చి సరిచెయ్యడం, దానికి కొంత అపరాధ రుసుము. స్టోరులో నా పేరున వేరే ఖాతా, ఆ ఖాతాకి యాప్ బదిలీ. నెలాఖరుకి పంతొమ్మిది రోజులుంది.

"అవుతుందా అండి?"

"మీరు రోజూ వస్తే అవుద్దండి."

రోజూ వెళ్లాను. ఏలూరు ఎండలో నడిచి వెళ్లి, వాళ్ల మెట్ల మీద కూర్చుని, పిలిస్తే లోపలికి వెళ్లి సంతకాలు పెట్టడం. విచిత్రంగా ఆ రోజులు బాగానే ఉన్నాయి. ఆకలి వేసేది. ఎదురు బడ్డీలో పెసరట్టు తినేవాణ్ణి. రద్దు దరఖాస్తులో కారణం దగ్గర ఒక జాబితా ఉంటుంది. వ్యాపారం మానేయడం, అమ్మేయడం, ఇంకా ఏవేవో, వాటి మధ్య యజమాని మరణం. ఆడిటరుగారు మౌసు నా వైపు జరిపారు. నేను నొక్కుతానని ముందే చెప్పాను. నొక్కాను. తరవాతి పేజీ వచ్చింది.

కొత్త నంబరు పద్నాలుగో రోజుకి వచ్చింది. స్టోరు బదిలీకి ఆమె ఖాతాలోంచే ఒప్పుకోవాలి. పాస్‌వర్డు ఆమె నాకు ఎప్పుడో చెప్పింది. ఆమె ఖాతాలోంచి పంపి, నా ఖాతాలోంచి అందుకున్నాను. రెండు రోజుల తరవాత యాప్ కింద నా పేరు కనిపించింది. నెలాఖరుకి ఇంకా రెండు రోజులుంది. లెక్చరరుగారు ఫోను చేసి, "చందాలన్నీ క్షేమంగా వచ్చేశాయండి," అన్నారు.

తొమ్మిదో తారీఖున లంక ఆవిడ చందా కట్టింది. నేను ఇన్‌వాయిస్ పంపిన అరగంటకి ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, చెరువు తెరుచుకుందండి. మేనేజరుకి చూపించేశాను. పంటకో పేజీ ఉందే అని ఆశ్చర్యపోయాడు."

"మంచిదమ్మా."

"బిల్లు మీద పేరు మారిందేంటండీ?"

"నా పేరమ్మా అది."

"ఆవిడ పేరుంటేనే బాగుండేదండి."

"ఉండకూడదంటమ్మా."

"అంతేలెండి," అంది. ఆ తరవాత రెండో చెరువులో చేప ఎదుగుదల తగ్గుతోందని, మేత మార్చాలా అని నన్ను అడిగింది. నాకు తెలియదని చెప్పాను. తెలియకపోతే తెలుసుకుని చెప్పమంది. లెక్చరరుగారి ద్వారా ఒక మేత డీలరుని అడిగి మర్నాడు చెప్పాను. ఇప్పుడు నెలకి రెండుసార్లయినా ఏదో ఒకటి అడుగుతుంది. నేను చేపల మేత గురించి రెండు పుస్తకాలు తెచ్చుకుని చదువుతున్నాను. ఈ వయసులో కొత్త విషయం చదవడం బాగుంది.

ఇరవయ్యో తారీఖులోపు రిటర్ను వేస్తాను. పైన మొత్తం, వేరే చోట కమీషన్. ఈ మధ్య ఆడిటరుగారు తప్పులేమీ పట్టలేదు. పాత నంబరు రద్దయినట్టు వచ్చిన ఉత్తర్వు ఫైల్లో పెట్టాను. ఆమె పేరున ఇప్పుడు బిల్లులు వెయ్యడం లేదు.